సున్నా స్లైడు

కొలబద్దకి కొలవడం పిచ్చి. ఎంత పిచ్చంటే, ఆ మారుపేరు పడ్డాక అసలు పేరుతో పిలిస్తే ఆవిడే పలకడం మానేసింది. సోఫా గోడకి ఎంత ఎడంగా ఉండాలో, తలుపు ఎంత తెరిస్తే పక్కవాటావాళ్ళకి మన వంటిల్లు కనబడదో, అన్నీ లెక్కే. మొగుడు రొట్టె కోస్తే ముక్కలు హెచ్చుతగ్గులొస్తున్నాయని చేతిలోంచి కత్తి లాక్కుంటుంది. పెళ్ళి ఫొటోలో ఇద్దరూ భుజాలు రాసుకుంటున్నట్టు కనబడతారు. చుట్టాలెవరైనా దాన్ని చూసి ముచ్చటపడితే చాలు, "అదంతా ఫొటో మాయండీ. ఈయన నాకు మూరెడు వెనకాల నిలబడ్డాడు. ఎదురుగా తీసిన బొమ్మలో లోతు తెలిసి చస్తుందా?" అంటుంది. మొగుడు నవ్వి ఊరుకుంటాడు. నవ్వి ఊరుకోవడం తెలిసిన మనిషి కాబట్టే ఆ కాపురం సాగుతోంది.

ఆవిడ ఉద్యోగం కూడా ఆ లోతుని కొలవడమే. పరిశోధనశాలలో కణాలని మైక్రోస్కోపు కింద పెట్టి, పైనుంచి కిందిదాకా పొరపొరకీ ఒక ఫొటో తీస్తారు. ఆ పొరలన్నీ కంప్యూటర్లో దొంతరగా పేరిస్తే కణం లోతుతో సహా తెరమీద నిలబడుతుంది. అందులో ఏది దేనికి ఎంత దూరంలో ఉందో తేల్చడం కొలబద్ద పని.

ఆవిడ ఏళ్ళ తరబడి పట్టుకు వేలాడుతున్నది ఒక్క సందుని. కణం రెండుగా చీలేముందు క్రోమోజోములని అటూ ఇటూ లాగడానికి సన్నని దారాల్లాంటివి పుట్టుకొస్తాయి. దారం క్రోమోజోముని పట్టుకునే ముడి దగ్గర రెండు ప్రోటీన్లు పక్కపక్క వాటాల్లో కాపురం ఉంటాయి. ఒకదానికి ఎర్రరంగు, ఇంకోదానికి పచ్చరంగు తగిలిస్తే చీకట్లో రెండు చుక్కలు మెరుస్తాయి. ఆ రెంటి మధ్య సందు, వెంట్రుకని నిలువునా వెయ్యి పోగులు చీలిస్తే అందులో ఒక పోగంత ఉందని కొలబద్ద తేల్చింది. అంతటితో ఆగలేదు. ఒక మందు వేస్తే ఆ సందు ఇంకో సగం పెరుగుతోందని కూడా తేల్చింది. మందు ముడిని సాగదీస్తోందన్నమాట. పరిశోధనశాల మొత్తం ఆ మాట మీద గాలిలో మేడలు కట్టేసింది.

మేడల సంగతెలా ఉన్నా, కొలబద్దకి కావలసింది ఒక కుర్చీ. ఆవిడది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ప్రతి ఏడూ ఆ కాగితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తిండి సయించదు. ఈ ఏడు మాత్రం పైనుంచి పరిశీలకులు వస్తున్నారు, శుక్రవారం వచ్చి పని చూసి, నచ్చితే ఒక శాశ్వత ఉద్యోగం ఇచ్చి వెళతారు. ఒక్కటే ఉద్యోగం. ఆ సందు నిలబడితే అది కొలబద్దదే.

ఇక్కడే ఆడపడుచు సంగతి చెప్పాలి. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు గాని, ఈ ఆడబిడ్డ అర్ధంతో ఊరుకునే రకం కాదు. మొగుడికి చెల్లెలు, ఇంట్లో చివరి గది ఆవిడది, పరిశోధనశాలలో మైక్రోస్కోపు గది ఆవిడ చేతిలోది. వదినామరదళ్ళిద్దరూ ఒకే చదువు చదివారు, వదిన రెండేళ్ళు ముందు, అంతే. ఆ రెండేళ్ళూ వదిన మరిచిపోదు, మరదలు గుర్తుపెట్టుకోదు.

"సున్నాని కొలిచావా వదినా?" అని అడిగిందా ఆడపడుచు, ఒకరోజు భోజనాల దగ్గర.

"సున్నాని ఎవరైనా కొలుస్తారా?"

"నూనె తూచేముందు ఖాళీ డబ్బా తూచరూ? అలాగే. అసలు సందే లేనిచోట నీ కొలత ఎంత చూపిస్తుందో చూశావా అని."

"సందు లేకపోతే సందు లేదని చూపిస్తుంది," అంది కొలబద్ద. "రంగురంగుకీ మైక్రోస్కోపు అద్దంలో వచ్చే తేడా సరిచేశాను. లోతు స్కేలు సరిచేశాను. చిన్నాచితకా తప్పులు కొన్ని అటు పోతాయి, కొన్ని ఇటు పోతాయి, సగటు తీస్తే కొట్టుకుపోతాయి. నువ్వు పుట్టకముందే నేర్చుకున్నా ఇవన్నీ."

"రెండేళ్ళ ముందు," అన్నాడు మొగుడు. ఇద్దరూ ఆయనవైపు చూసిన చూపుకి మంచినీళ్ళు తెచ్చే మిషతో లేచిపోయాడు.

ఆడపడుచు ఇంకేం మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఏదో పన్నుతోందని అర్థం. కొలబద్దకి ఆ సంగతి తెలిసే ఉండాలి, కాని సందు ధ్యాసలో పడి మరిచిపోయింది.

ఆ పరిశోధనశాలలో ఒక పద్ధతి ఉంది. ఏ స్లైడు మందు వేసినదో, ఏది వేయనిదో కొలిచేవాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే కన్ను ఆశ పడ్డవైపే మొగ్గుతుంది. అందుకని గుర్తులు చెరిపేసి, ఉత్త అంకెలు వేసి పంపించడం మైక్రోస్కోపు గదివాళ్ళ పని. కొలిచాకే ఏది ఏదో చెబుతారు. శుక్రవారానికి ముందు ఆఖరి విడత స్లైడులు కావాలని కొలబద్ద అడిగింది. అంకెలు వేసి ఆడపడుచు పంపింది.

కొలబద్ద కొలిచింది. కొన్నింటిలో సందు చిన్నది, కొన్నింటిలో పెద్దది. పాత విడతకన్నా కాస్త తక్కువే గాని తీరు మాత్రం అచ్చం అదే. మైక్రోస్కోపు గదికి పరిగెత్తి, "ఇక చెప్పు, మందువి ఏవి?" అంది.

"సరిసంఖ్యలన్నీ మందువి. అయితే వదినా, ఇంకో మాట..."

ఆ ఇంకో మాట వినడానికి వదిన అక్కడుంటేగా! సరిసంఖ్యలన్నీ పెద్ద సందులే. నడవాలో ఎదురైనవాళ్ళందరికీ చెప్పుకుంటూ పెద్దసారు గదికి పోయింది.

ఈ పెద్దసారుకి పరిశోధనశాలలో ఇంకో పేరు ఉంది, తెలుసుసారు అని. ఎవరే మాట మొదలుపెట్టినా సగంలో "తెలుసు, తెలుసు" అని మిగతా సగం తనే పూర్తిచేసేస్తాడు. చెడ్డమనిషి కాదు. కొలబద్దకి ఉద్యోగం రావాలని ఆవిడ తర్వాత అంతగా కోరుకునేది ఆయనే. ఆ విడతలోంచి బాగా మెరుస్తున్న బొమ్మ ఒకటి ఎంచి, ఎర్రచుక్క, పచ్చచుక్క, మధ్యలో తెల్ల బాణం గుర్తు పెట్టి, శుక్రవారం చూపించే వాటిలో మొట్టమొదటి బొమ్మ చేసేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆడపడుచు మొహం తేలు కుట్టిన దొంగలా ఉంది.

"వదినా, ఆ స్లైడుల్లో రెండు ప్రోటీన్లు లేవు."

"మరి?"

"ఒక్కటే ఉంది. దానికే ఎరుపూ తగిలించాను, పచ్చా తగిలించాను. అక్కడ సందు సున్నా."

కొలబద్ద చేతిలో ఉన్న గరిటె చేతిలోనే ఉండిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే. కొలతలో తప్పు ఉండొచ్చని తట్టకముందే, సొంత మరదలు తనని కోతిని చేసి ఆడించిందన్న మంట తలకెక్కింది. గరిటె గిన్నెలో పడేసి గదిలోకి పోయి తలుపేసుకుంది.

మర్నాడు ఇద్దరికీ మాటల్లేవు. మొగుడి పని అడకత్తెరలో పోకచెక్క అయింది. "ఉప్పు ఇటివ్వమని మీ చెల్లెలికి చెప్పండి" అని ఒకరు, "ఉప్పు వదిన దగ్గరే ఉందని చెప్పన్నయ్యా" అని ఇంకొకరు. ఉప్పు ఆయన ముందే ఉంది. ఆయన ఆ ముక్క చెప్పే ధైర్యం చేయలేదు.

ఆ సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చి మరీ కొలబద్ద పంతం తీర్చుకోవడానికి దిగింది. తప్పులు అటూ ఇటూ పోయి కొట్టుకుపోతాయని కళ్ళముందు రుజువు చేసి, మరదలి నోరు మూయించాలి. ముందుగదిలో పాత దుప్పటి పరిచి మధ్యలో సుద్దముక్కతో చిన్న గుర్తు పెట్టింది. మొగుడిని స్టూలెక్కించి, చేతికి ఒక ఎర్ర బొత్తాం, ఒక పచ్చ బొత్తాం ఇచ్చింది.

"రెండూ ఆ గుర్తు మీదే పడేలా వెయ్యండి. ఒకటి తర్వాత ఒకటి."

ఆయన వేశాడు. ఎర్రది కొంచెం ఇటు, పచ్చది కొంచెం అటు. కొలబద్ద టేపుతో మధ్య దూరం కొలిచింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ కొలిచింది. ఆడపడుచు గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. వేసినకొద్దీ కొలబద్ద మొహంలో రంగు మారుతోంది. ఒకసారి బెత్తెడు, ఒకసారి రెండు వేళ్ళు, ఒకసారి వేలెడు. సున్నా మాత్రం రాదే!

"గురి చూసి వెయ్యండి కాస్త!"

"గురి చూసే వేస్తున్నానే. ఇదేమన్నా నా వృత్తా?"

"వదినా," అంది ఆడపడుచు, ఉప్పు గొడవ తర్వాత నేరుగా అన్న మొదటిమాట. "బొత్తాం ఎడమకి పోవచ్చు, కుడికి పోవచ్చు. అవి రెండూ కొట్టుకుపోతాయి, నిజమే. కాని దూరానికి ఎడమా కుడీ ఏవీ? అటు పోయినా దూరమే, ఇటు పోయినా దూరమే. సున్నా కన్నా తక్కువ దూరం ఉండదుగా, ఇంకేం కొట్టుకుపోతుంది? వచ్చిన తప్పల్లా కలుస్తూనే ఉంటుంది."

కొలబద్ద టేపు పట్టుకుని చతికిలబడిపోయింది. పైనుంచి కిందికి చూసే మైక్రోస్కోపుకి అసలే లోతు సరిగ్గా ఆనదు. ఎరుపు చుక్క ఏ పొరలో ఉందో కంప్యూటరు కాస్త తప్పుతుంది, పచ్చ చుక్క దగ్గర ఇంకాస్త తప్పుతుంది. ఆ తప్పులన్నీ పోగేసి సందు అని పేరుపెట్టి, ఇన్నేళ్ళు తను నెత్తిన పెట్టుకుని ఊరేగింది.

"మరి మందు వేసినవాటిలో ఎందుకు పెరుగుతుంది?" అని అడిగింది, ఆఖరి గడ్డిపోచ పట్టుకున్నట్టు.

ఆడపడుచు అన్నగారి వైపు చూసింది. "అన్నయ్యా, ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి వెయ్యి."

"ఎందుకే?"

"వెయ్యండి," అంది భార్య నీరసంగా.

ఆయన ఒంటికాలి మీద ఊగుతూ వేశాడు. ఒక బొత్తాం సోఫా కిందికి పోయింది, ఇంకోటి దుప్పటి అంచున పడింది. చూస్తుండగానే సందు పెరిగిపోయింది. ఆయన కూడా స్టూలు మీంచి జారి సోఫాలో పడ్డాడు గాని, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"మందు వేసిన కణాల్లో చుక్కలు మసకబారతాయి. నువ్వే చెప్పావు కదా, వెలుగు తగ్గుతోందని. మసకైతే గురి తప్పుతుంది. గురి తప్పితే సందు పెరుగుతుంది," అంది ఆడపడుచు. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు. "నేను నవ్వుకుందామనే పెట్టాను వదినా. నువ్వు పెద్దసారు దగ్గరికి పరిగెడతావనుకోలేదు."

ఆ రాత్రంతా కొలబద్ద లెక్కలు తిరగేసింది. దూరాలని వర్గాలు చేసి, అందులోంచి సున్నా స్లైడు వాటా తీసేసి, మిగిలినదానికి వర్గమూలం కడితే అసలు సందు బయటపడుతుంది. పడింది. ఇదివరకు చెప్పినదాంట్లో సగం. మందు వేసినా అంతే, వేయకపోయినా అంతే. మందు ఏ ముడినీ సాగదీయలేదు. స్నానాలగదిలో కుళాయి విప్పి ఆవిడ ఏడ్చింది. సందు కోసం కాదు, కుర్చీ కోసం. ఎవరికీ చెప్పకపోతే శుక్రవారం గడిచిపోతుందని, కుర్చీ వచ్చాక నింపాదిగా సరిచేసుకోవచ్చని, మనసు రకరకాలుగా బేరమాడింది. బేరం కుదరలేదు. ఎంతైనా రొట్టెముక్క మందం తేడా వస్తేనే ఊరుకోని మనిషి.

పొద్దున్నే పెద్దసారు దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆ మొదటి బొమ్మలో అసలు సందు లేదు..."

"తెలుసు, తెలుసు! కంటికి ఎక్కడ కనిపిస్తుంది? కొలిస్తే కదా తేలేది!"

"అది కాదు సార్, అందులో ఉన్నది ఒకటే..."

"తెలుసు, తెలుసు! ఒకటే మాట చెప్పాలి, పరిశీలకులకి ఎక్కువ చెబితే తికమక. నువ్వు కంగారుపడకు."

చెప్పలేక మెయిలు పెట్టింది. అరనిమిషంలో జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది. అంత పొడుగు మెయిలు అరనిమిషంలో చదివే మనిషి లోకంలో లేడు.

శుక్రవారం వచ్చింది. పరిశీలకుల్లో పెద్దావిడ ఒకరు, మెడలో గొలుసుకి కళ్ళజోడు వేలాడదీసుకుని, అందరి మాటా ఓపిగ్గా వింటోంది. ఆడపడుచు బొమ్మలు మార్చే యంత్రం దగ్గర కూర్చుంది. తెరమీద ఎర్రచుక్క, పచ్చచుక్క, తెల్ల బాణం.

"చూశారా, ఎంత స్పష్టంగా విడిపోయాయో!" అన్నాడు తెలుసుసారు. "రెండు ప్రోటీన్లు. మధ్యలో ఇంత సందు. దీన్ని కొలిచింది మా కొలబద్ద." అన్నాక నాలిక కరుచుకున్నాడు గాని, అప్పటికే అందరూ నవ్వేశారు.

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని, "అంతేనామ్మా?" అంది.

కొలబద్ద లేచి నిలబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునంటే కుర్చీ తనది.

"సారుకి అంతా తెలుసండీ. నిన్న రెండుసార్లు మనవి చేశాను, రెండుసార్లూ తెలుసన్నారు. ఆ బొమ్మలో రెండు ప్రోటీన్లు లేవు. ఒక్కటే. దానికే రెండు రంగులు. సందు సున్నా."

తెలుసుసారు నోరు తెరిచాడు. తెలుసంటే పరిశీలకుల ముందు అబద్ధమాడినట్టు, తెలియదంటే ఇన్నేళ్ళ పేరు పోయినట్టు. మింగలేక కక్కలేక ఒకసారి బొమ్మని, ఒకసారి కొలబద్దని చూశాడు.

"తెలుసు!" అన్నాడు చివరికి, టేబులు మీద చరిచి. "అందుకే మొదట పెట్టాను! సందు లేనిచోట కూడా సందు కనిపిస్తుందని చూపించడానికే! ఏదమ్మా, మిగతాది చెప్పు!"

కొలబద్ద ఉన్నదున్నట్టు కుండబద్దలు కొట్టింది. తప్పులు ఎలా పోగవుతాయో, సున్నా స్లైడు వాటా తీసేస్తే ఎంత మిగులుతుందో, మందు కథ ఎలా వట్టిదైపోయిందో అన్నీ చెప్పింది. బొత్తాల సంగతి కూడా చెప్పింది. మొగుడు స్టూలు మీంచి పడ్డ ముక్క వదిలేద్దామనుకుంది గాని, యంత్రం దగ్గర్నించి ఆడపడుచు అందించింది.

పెద్దావిడ చాలాసేపు నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "మందు సంగతి పోతే పోయింది. ఈ భవనంలో దూరాలు కొలిచేవాళ్ళందరూ ముందు ఈ పరీక్ష చెయ్యాలి. ఈ సున్నా స్లైడు ఆలోచన ఎవరిది?" అని అడిగింది.

"ఇంకెవరిది? ఈవిడదే!" అన్నాడు తెలుసుసారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆవిడకి మేలు జరగాలనే అన్నాడు.

కొలబద్ద నోరు మెదపకపోతే చాలు. అబద్ధం ఆడక్కర్లేదు, తలూపక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. ఒక్క గుక్క ఊపిరి పీల్చేంతసేపు అలాగే నిలబడింది కూడా. ఆడపడుచు తల దించుకుని యంత్రం మీటలు సవరిస్తోంది. ఆవిడా ఏమీ అనదని కొలబద్దకి అర్థమైంది. ఆ అర్థమవడమే కొంప ముంచింది.

"నాది కాదండీ. నా ఆడపడుచుది. అదిగో, అక్కడ కూర్చుంది. నన్ను ఏడిపించడానికి పెట్టింది."

సాయంత్రానికల్లా కబురు వచ్చింది. కొలబద్ద ఉద్యోగం ఇంకో ఏడు పొడిగించారు. శాశ్వత ఉద్యోగం ఆడపడుచుకి ఇచ్చారు.

ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మొగుడు రొట్టె కోస్తున్నాడు, ఒక ముక్క అట్టలా, ఒక ముక్క ఇటుకలా. కొలబద్ద కత్తి లాక్కోలేదు. అది చూసి ఆయనకి నిజంగా భయమేసింది.

ఆడపడుచు పళ్ళెం ముట్టలేదు. "వదినా, కోపంగా ఉందా?"

"లేదు."

"లేదంటే, ఎంత?"

కొలబద్ద లోపలికి చూసుకుంది. ఉంది. అన్నేళ్ళు కాచుకున్న కుర్చీ, ఎదురుగా ఈ పిల్ల. ఈ పిల్లే లేకపోతే ఎన్నాళ్ళకి ఎవరి ముందు ఎలా పరువు పోయేదో కూడా తెలుస్తోంది.

"కొలవాలి," అంది.

"కొలిస్తే సున్నా రాదు వదినా. అసలు లేకపోయినా ఎంతో కొంత చూపిస్తుంది." ఆడపడుచు నవ్వబోయింది గాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలుసు, తెలుసు," అంది కొలబద్ద. మొగుడి చేతిలోంచి కత్తి తీసుకుని, చూపు ఆడపడుచు మీదే పెట్టి, రొట్టె కోసి ఆ పళ్ళెంలో వేసింది. ఆ ముక్క రెండు ముక్కలంత మందంగా వచ్చింది. మొగుడు అది చూశాడు గాని, నవ్వి ఊరుకున్నాడు.